పాతాళంలో పంచాయితీ

ఇంగ్లిషు ఫాంటసీ నవలలు చదివే పిల్లలు డ్రాగన్ల గురించి మనకే పాఠం చెప్పగలరు. ఏ జాతి డ్రాగన్ ఎన్ని గుడ్లు పెడుతుంది, మనిషితో ఎట్లా మాట్లాడుతుంది, బంగారం మీద ఎందుకు పడుకుంటుంది, అన్నీ నోటికి వచ్చు. అదే పిల్లల్ని తక్షకుడికి పాండవుల మీద పగ ఎందుకని అడగండి, తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. పొలుసుల ఒళ్లు, మనిషికి తీసిపోని తెలివి, సొంత రాజ్యం, సొంత సభ, తరాలు దాటే పగ ఉన్న ఒక జాతి మన కథల్లోనే ఉంటే, దాన్ని మనం ఏడాదికోసారి పుట్టలో పాలు పోసి సరిపెట్టేశాం. ఆ జాతి ఆనవాళ్లు నల్లగొండ, పాలమూరు నేల మీద రాళ్లలో ఉన్నాయి, ఊరి చివర రావిచెట్టు కింద ఉన్నాయి, కృష్ణ నీళ్ల మధ్య కూడా ఉన్నాయి. నాగజాతి ఒంటి సంగతులు, ఇంటి సంగతులు కొన్ని చూద్దాం.

కుండల్లో గుడ్లు

నాగుల పుట్టుక ఆదిపర్వంలో ఉంది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తెలుగు చేసిన భాగమే ఇది. కశ్యపుడి భార్యల్లో కద్రువ వెయ్యిమంది కొడుకులు కావాలంది, వినత ఇద్దరు చాలంది. గుడ్లను వెచ్చటి కుండల్లో దాచారు. అయిదు వందల ఏళ్లకు కద్రువ గుడ్లు పగిలి నాగులు బయటికొచ్చారు. వినతకు ఓపిక చాలక ఒక గుడ్డును ముందే పగలగొట్టింది. నడుము దాకానే తయారైన అనూరుడు పుట్టి, తల్లిని శపించి, సూర్యుడి రథం తోలడానికి వెళ్లిపోయాడు.

వెచ్చదనం లెక్క తప్పితే పిల్ల తప్పుతుందన్న సంగతి ఈ కథ చెప్పినవాళ్లకు తెలుసు. నాగార్జునసాగర్ ఎగువన కృష్ణలో ఉండే మొసలిని చూడండి. ఒడ్డున గుంట తీసి గుడ్లు పెడుతుంది. పుట్టేది ఆడపిల్లా మగపిల్లా అన్నది ఆ గుంటలోని వేడే తేలుస్తుంది. నాగుపాము విడతకు డజను నుంచి రెండు డజన్ల పైచిలుకు గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది, అన్నాళ్లూ తల్లి వాటిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఇక రాచనాగు ఏకంగా ఎండుటాకులు పోగుచేసి గూడే కడుతుంది. ప్రపంచంలో గూడు కట్టే పాము అదొక్కటే.

చీలిన నాలుక

కద్రువకు దాసి అయిన తల్లి వినతను విడిపించడానికి గరుడుడు అమృతం తెచ్చి నాగుల ముందు దర్భల మీద పెట్టాడు. నాగులు స్నానానికి పోయి వచ్చేసరికి ఇంద్రుడు దాన్ని ఎత్తుకుపోయాడు. ఆశ చావక దర్భలు నాకితే నాలుకలు రెండుగా చీలాయి. కథ అంతవరకే. ఆ చీలిక వల్ల పాముకు నష్టం లేదు సరికదా, మహా లాభం. నాలుక రెండు కొసలూ గాలిలోని వాసనను విడివిడిగా పట్టి, అంగిలిలో ఉన్న జాకబ్‌సన్ అవయవానికి అందిస్తాయి. కుడి కొసకు వాసన ఎక్కువ తగిలితే ఎలుక కుడివైపు పోయిందన్నమాట. అమృతం దక్కకపోయినా దిక్సూచి దక్కింది.

చెవుల సంగతి ఇంకా తమాషా. పాము కళ్లతో వింటుందని మన పాత కవులు నమ్మారు. నిజానికి దానికి బయటి చెవి లేదు, నేలలోని అదురు దవడ ఎముక గుండా లోపలి చెవికి చేరుతుంది. పాములవాడి బూర ముందు పడగ ఊగేది పాటకు కాదు, కళ్ల ముందు ఊగుతున్న బూరకు. సినిమావాళ్లు ఇది ఎప్పటికీ ఒప్పుకోరు, ఒప్పుకుంటే సగం పాటలు పోతాయి.

పదకొండు సలహాలు, ఒక్క పెళ్లి

నాగజాతి తెలివి చూడాలంటే వాసుకి పెట్టిన సభను చూడాలి. నా మటుకు నాకు భారతం మొత్తంలో ఇంత సరదా అయిన రాజకీయ చర్చ ఇంకోటి లేదు. సందర్భం ఇది. ఉచ్చైశ్రవం అనే తెల్లగుర్రం తోక నల్లగా ఉందని కద్రువ పందెం కాసింది. మీరు పోయి ఆ తోకకు నల్లటి వెంట్రుకల్లా పట్టుకోండని కొడుకులకు చెప్పింది. మోసం చెయ్యబోమన్న కొడుకుల్ని జనమేజయుడి సర్పయాగంలో మాడి చావండని కన్నతల్లే శపించింది. యాగం ఇంకా ఎన్నో ఏళ్ల తర్వాతి మాట. అయినా నాగరాజు వాసుకి అప్పుడే అందర్నీ కూర్చోబెట్టి, గండం తప్పే దారి చెప్పమన్నాడు.

ఒకడు లేచి, బ్రాహ్మణ వేషంలో పోయి యాగం మానమని రాజును బతిమాలుదాం అన్నాడు. ఇంకొకడు, మనమే అతడికి మంత్రులమై యాగం వద్దని సలహా ఇద్దాం అన్నాడు. యాగం చేయించే పురోహితుణ్ణి కాటేస్తే పోలేదా అన్నాడు మూడోవాడు. వెంటనే సభలోని పెద్దమనుషులు అడ్డం తగిలి, బ్రాహ్మణ హత్య కూడదు, ధర్మం తప్పిన ఉపాయం మొదటికే మోసం అన్నారు. మబ్బులమై వాన కురిసి అగ్నిని ఆర్పుదామని ఒకడు, రాత్రిపూట యాగపాత్రలు దొంగిలిద్దామని ఒకడు, వంట మీద మలమూత్రాలు పోద్దామని ఒకడు, జనాన్ని వేల సంఖ్యలో కరిచి హడలగొడదామని ఒకడు. అన్నిటికన్నా గడుసువాడు ఒకడున్నాడు. మనమే ఋత్విక్కులమై కూర్చుని, యాగం మొదలు కాకముందే దక్షిణ ఇమ్మని పేచీ పెడదాం అన్నాడు. జలక్రీడకు వచ్చినప్పుడు రాజును ఎత్తుకొచ్చి కట్టేద్దామన్నవాళ్లూ ఉన్నారు, అసలు రాజునే కాటేస్తే వేరుతో పోతుందన్నవాళ్లూ ఉన్నారు.

వాసుకి ఒక్కటీ ఒప్పుకోలేదు. చివరికి ఏలాపుత్రుడు లేచి తను విన్న మాట చెప్పాడు. జరత్కారుడనే మునికి నాగకన్యనిచ్చి పెళ్లి చేస్తే, వాళ్లకు పుట్టే కొడుకు ఆస్తీకుడు యాగం ఆపుతాడు. వాసుకి చెల్లెలి పేరు కూడా జరత్కారువే. మునిది మరీ విడ్డూరమైన పట్టు. పిల్ల పేరు నా పేరే కావాలి, భిక్షగా ఇవ్వాలి, ఆమెను నేను పోషించను, నాకు నచ్చని పని చేసిన రోజున వెళ్లిపోతాను. అన్నిటికీ సరేనన్నారు. ఒక సాయంత్రం సంధ్యావందనం వేళ మించిపోతోందని ఆమె మొగుణ్ణి నిద్రలేపితే, అదే నేరమని లేచి వెళ్లిపోయాడు. అప్పటికే ఆమె కడుపులో ఆస్తీకుడున్నాడు.

పెద్దయ్యాక ఆస్తీకుడు సర్పయాగం ఆపించాడు. తక్షకుడు బతికిపోయాడు. అప్పుడు నాగులు అతడికి ఒక మాటిచ్చారు, నీ పేరు తలచినవాళ్ల జోలికి రాము అని. రెండు జాతుల మధ్య జరిగిన ఒప్పందం ఇది. చీకట్లో పాము కదిలితే ఇప్పటికీ పెద్దవాళ్లు ఆస్తీకుణ్ణి తలుస్తారు. తలవండి, కానీ టార్చిలైటు కూడా పట్టుకోండి. కాటు పడితే మంత్రం దగ్గరికి కాక ఆసుపత్రికి పోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే మందు పనిచేస్తుంది.

కప్పం కట్టని కాళియుడు

నాగులకు విదేశాంగ విధానం కూడా ఉండేది. గరుడుడు దొరికిన నాగునల్లా తింటుంటే, నెలనెలా ఒక చెట్టు మొదట్లో ఆహారం పెడతాం, మమ్మల్ని వదిలెయ్యమని రాజీకొచ్చారని భాగవతం చెబుతుంది. కాళియుడొక్కడు తిరగబడ్డాడు. కప్పం కట్టకపోగా మిగతావాళ్లు పెట్టింది కూడా తనే తిన్నాడు. గరుడుడు తరిమితే వచ్చి యమునలో ఒక మడుగులో దాక్కున్నాడు. సౌభరి శాపం వల్ల గరుడుడు ఆ మడుగులోకి రాలేడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే రాజకీయ ఆశ్రయం. కృష్ణుడు తలలు తొక్కి పంపించేటప్పుడు ఆ పాదముద్రల్ని చూసి ఇక గరుడుడు నిన్ను ముట్టడని అభయమిచ్చాడు. నాగుపాము పడగ వెనక కళ్లజోడులాంటి గుర్తును కృష్ణపాదాలనే మన ఊళ్లలో అంటారు. పడగ అన్నది నిజానికి మెడ దగ్గరి పక్కటెముకలు విచ్చుకుంటే సాగే చర్మం.

సంబంధాలు

ఇంద్రుడి సారథి మాతలి కూతురికి సంబంధం వెతుకుతూ మూడు లోకాలూ తిరిగి, చివరికి నాగుల రాజధాని భోగవతిలో సుముఖుడనే కుర్రవాణ్ణి మెచ్చుకున్నాడు. పిల్లాడి తాత ఆర్యకుడు మంచివాడు, అసలు సంగతి దాచలేదు. వీడి తండ్రిని గరుడుడు తినేశాడు, నెల తిరిగేసరికి వీణ్ణీ తింటానని చెప్పి పోయాడు, ఎట్లా ఇస్తావయ్యా పిల్లను అన్నాడు. మాతలి పిల్లాణ్ణి ఇంద్రుడి దగ్గరికి తీసుకుపోయి ఆయుష్షు ఇప్పించాడు, పెళ్లి జరిగింది. నోటికాడి కూడు పోయిందని గరుడుడు ఇంద్రుడి దాకా పోయి గొడవ చేశాడు. ఉద్యోగపర్వంలో ఉందీ కథ.

ఉలూచిది ఇంకో తీరు. గంగలో స్నానం చేస్తున్న అర్జునుణ్ణి నాగలోకానికి లాక్కుపోయింది. బ్రహ్మచర్య వ్రతంలో ఉన్నానని అతడంటే, ఆ నియమం ద్రౌపది విషయంలో పెట్టుకున్నది, నాకు వర్తించదు అని వకీలులా వాదించి గెలిచింది. చేమకూర వేంకటకవి 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో రాసిన ‘విజయవిలాసం’లో ఉలూచి ఘట్టం తెలుగువాళ్లకు బాగా పరిచయం. తరవాత బభ్రువాహనుడి చేతిలో అర్జునుడు పడిపోయినప్పుడు, నాగమణితో మళ్లీ బతికించింది కూడా ఈమే. మన జానపద సినిమాలకు ఈ సరుకు తరగలేదు. 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లో హీరో పెళ్లాడిన నలుగురు కన్యల్లో ఒకతె నాగకన్య.

మనుషుల్లో కూడా నాగవంశం వాళ్లమని చెప్పుకున్న రాజులున్నారు. మన పొరుగున బస్తరును ఏలిన ఛిందక నాగులు తమను తాము భోగవతీపురానికి ప్రభువులమని శాసనాల్లో రాయించుకున్నారు. వాళ్ల బార్సూరులో 11వ శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది.

మర్రిచెట్టు రెండుసార్లు బతికింది

అర్జునుడి మనవడు పరీక్షిత్తును కాటేయడానికి తక్షకుడు పోతుంటే, విషం దింపే కాశ్యపుడు అదే దారిలో ఎదురయ్యాడు. నీ విద్య చూపించమని తక్షకుడు ఒక పెద్ద మర్రిని కాటేశాడు, చెట్టు భగ్గున కాలి బూడిదైంది. కాశ్యపుడు ఆ బూడిదలోంచి మొలక తెప్పించి, ఆకులు తొడిగించి, చెట్టు మొత్తాన్ని నిలబెట్టాడు. తక్షకుడు జడిశాడు. రాజు ఎంత ఇస్తాడో అంతకన్నా ఎక్కువ ఇస్తాను, వెనక్కి పొమ్మన్నాడు. కాశ్యపుడు తీసుకుని పోయాడు. తెలివైన జాతి అనడానికి ఇంకేం రుజువు కావాలి, లంచం కూడా తెలుసు వాళ్లకు. అడవిలో ఇద్దరి మధ్య జరిగిన బేరం లోకానికెట్లా తెలిసిందని పరీక్షిత్తు కొడుకు జనమేజయుడే అడిగాడు. కట్టెల కోసం ఆ మర్రి ఎక్కిన ఒకడు చెట్టుతోపాటే కాలి, చెట్టుతోపాటే బతికి, ఊళ్లోకొచ్చి చెప్పాడట.

పాలమూరు పట్టణానికి దగ్గర్లోని పిల్లలమర్రి కథ దీనికి తోడు. ఎకరాల కొద్దీ పరుచుకుని, ఏ ఊడ అసలు మానో తెలియకుండా ఏడువందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఈ చెట్టుకు చెదలు పట్టి, 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ కూలింది. సందర్శకులను ఆపేశారు. 2018లో అటవీశాఖవాళ్లు చెదల మందును నీళ్లలో కలిపి, సీసాల్లో నింపి, కొమ్మలకు వేలాడదీసి, ఆసుపత్రిలో సెలైను ఎక్కించినట్టే చుక్కచుక్కగా మానులోకి ఎక్కించారు. బరువు కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. చెట్టు తేరుకుంది. ఈ కాశ్యపులు మాత్రం లంచం తీసుకుని వెనక్కి పోలేదు.

చెదల మాట వచ్చింది కాబట్టి, మనం పాలు పోసే పుట్ట కూడా చెదపురుగులు కట్టిందే. పాము అందులో కిరాయిదారు. పాము పాలు తాగదు కూడా. పోసిన పాలకు చీమలు పడతాయి. తెలంగాణలో ఎక్కువమంది శ్రావణమాసం పంచమినాడు, కోస్తావాళ్లు కార్తీకం చవితినాడు చేసే ఈ పూజలో అసలైన ఆతిథ్యం చీమలకే.

పగకు కారణం ఉంది

పాము పగబడుతుందని ఊరికే అనరు. ఖాండవ వనాన్ని కృష్ణార్జునులు కాల్చినప్పుడు తక్షకుడు ఊళ్లో లేడు. అతడి భార్య కొడుకు అశ్వసేనుణ్ణి మింగి కాపాడబోయి తాను అర్జునుడి బాణానికి చచ్చింది. అశ్వసేనుడు తప్పించుకుని కురుక్షేత్రంలో కర్ణుడి బాణంలో దూరి అర్జునుడి తల కోసం వచ్చాడు. కృష్ణుడు రథాన్ని నేలలోకి అణచితే కిరీటంతో పోయింది. అర్జునుడి మనవణ్ణి తక్షకుడు చంపాడు, ఆ మనవడి కొడుకు నాగజాతినే తుదముట్టించడానికి యాగం చేశాడు. ఒక అడవిని కాలిస్తే పుట్టిన గొడవ నాలుగు తరాలు నడిచింది. ఖాండవం కాల్చింది అగ్నిదేవుడి ఆకలి తీర్చడానికే కాబట్టి, తక్షకుడి వైపు న్యాయం లేదని నేననలేను.

నాగార్జునకొండ: పంటలో వాటా

నల్లగొండ ఒడ్డున నిలబడితే సాగర్ నీళ్లలో కనిపించే ద్వీపం నాగార్జునకొండ. ఇప్పుడది పల్నాడు జిల్లా లెక్క. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. 1926లో బయటపడ్డ ఆ శిథిలాలను, 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్ట నీళ్లు చేరేలోగా వేగంగా తవ్వి, ముఖ్యమైనవి కొండ మీదికి చేర్చారు. మిగిలిన లోయ నీళ్లపాలైంది.

అక్కడి శిల్పాల్లో అపలాలుడనే నాగుణ్ణి బుద్ధుడు లొంగదీసిన ఘట్టం ఉంది. స్వాత్ నది పుట్టే చోట ఉండే ఈ నాగుడికి రైతులు ధాన్యం కట్టేవారు, అతడు వానలూ వరదలూ అదుపులో పెట్టేవాడు. కొందరు కట్టడం మానేశారు. అంతే, నీళ్లు వదిలి పంటలు ముంచాడు. బుద్ధుడు వచ్చి నచ్చజెప్పాడు. నా బతుకు తెరువు పంట మీదే కదా అని అపలాలుడు మొరపెట్టుకుంటే, పన్నెండేళ్లకొకసారి ముంచుకోమని ఒప్పందం కుదిరిందని చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ రాసుకున్నాడు. చెరువు నిండిందా లేదా అన్నదే ఏడాది బతుకును తేల్చే ఈ మెట్టనేలలో, నీళ్లకు కాపలాదారు పామే అన్న నమ్మకం ఎందుకు ఉందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడి మీద కూడా నాగుల కథ ఉంది. మహానాగుడొకడు ఆయన్ను నీళ్ల అడుగున తన మేడకు తీసుకుపోయి అక్కడి గ్రంథాలు చదివించాడని, 5వ శతాబ్దం మొదట్లో కుమారజీవుడు చైనీయంలో అందించిన జీవిత కథ చెబుతుంది. ప్రజ్ఞాపారమిత సూత్రాలు అలా లోకానికి వచ్చాయని టిబెట్ వాళ్లు నమ్ముతారు. వాళ్ల పటాల్లో నాగార్జునుడి తల వెనక పడగలుంటాయి. చైనాకు బౌద్ధం పోయినప్పుడు మన నాగులు అక్కడి డ్రాగన్ల ఒంట్లో దూరారు, ఆచార్యుడి పేరు కూడా వాళ్ల నోట డ్రాగన్ వృక్షమైంది. అంటే డ్రాగన్ల దగ్గర గ్రంథాలు చదువుకున్న పండితుడు ఎవరయ్యా అని ఎవరైనా అడిగితే, మన సాగర్ వైపు చెయ్యి చూపించవచ్చు.

అసలు డ్రాగన్‌కు దాయాది

ఇండోనేషియాలో మూడు మీటర్ల పొడవు పెరిగే కొమొడో డ్రాగన్‌కు దగ్గరి చుట్టం మన గుట్టల్లోనే ఉంది. ఉడుము. దేవరకొండ, అచ్చంపేట వైపు బండల సందుల్లో మధ్యాహ్నం ఎండకు బయటికొచ్చి, మెడ ఎత్తి, నీలంగా మెరిసే నాలుక ఆడిస్తూ మనల్ని కాసేపు పరిశీలించి, ఆ తర్వాతే కదులుతుంది. దాని చూపులో లెక్క ఉందనిపిస్తుంది. నిజంగానే ఉంది. అమెరికాలో ఆఫ్రికా జాతి ఉడుములకు నత్తలు పెట్టి పరీక్షించినప్పుడు, ఆరు దాకా లెక్క తెలుసుకోగలవని తేలింది. ఎలుకలు పెట్టిన గొట్టం మూత ఎట్లా తీయాలో నిమిషాల్లో నేర్చుకున్నవీ ఉన్నాయి. కొమొడో సంగతి ఇంకా ఘనం. 2006లో ఇంగ్లండులోని చెస్టర్ జూలో మగతోడు లేకుండానే ఒక ఆడది పిల్లలయ్యే గుడ్లు పెట్టింది.

ఇంత తెలివీ మనిషి ముందు పనికిరావడం లేదు. మాంసానికీ, తోలుకూ ఉడుమును చంపుతారు. దాని మగ అవయవాన్ని ఎండబెట్టి, అదృష్టం తెచ్చే చెట్టువేరని ‘హత్తా జోడీ’ పేరుతో అమ్మే మోసం దేశమంతా నడుస్తోంది. 1972 వన్యప్రాణి చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువిది. కొన్నా, అమ్మినా జైలే.

రావి, వేప, రెండు పాములు

పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ ఊరికి పోయినా, రావికీ వేపకూ పెళ్లి చేసిన గద్దె మీద నాగశిలలు కనిపిస్తాయి. రెండు పాములు మెలికలు పడి, పైన ముఖాలు ఎదురెదురుగా పెట్టుకుంటాయి. మెలికల మధ్య చిన్న లింగమో, పద్మమో ఉంటుంది. పసుపు పొరలు పొరలుగా పేరుకుని చాలాచోట్ల పొలుసు గీతలు కనబడవు. కింద కోడిగుడ్డు పెంకులు, పైన కొమ్మకు పిల్లలు కావాలని కట్టిన చిన్న ఉయ్యాలలు.

శిల్పి చెక్కిన ఈ మెలికను పొలాల్లో నిజంగానే చూడవచ్చు. రెండు జెర్రిపోతులు సగం ఒళ్లు పైకెత్తి పెనవేసుకుని ఆడుతుంటే జనం దూరంగా నిలబడి, కొత్త తువ్వాల వాటిమీద పడేసి, తర్వాత దాన్ని ఇంట్లో దాచుకుంటారు. పాములు జతకడుతున్నాయని అందరి నమ్మకం. చాలాసార్లు అవి రెండూ మగవే. ఆడదాని కోసం కుస్తీ పడుతుంటాయి. ఎవడు ఎవణ్ణి కిందికి వంచితే వాడిదే గెలుపు. కాటుండదు, చావుండదు. జెర్రిపోతు నాగుపాముకు మొగుడన్న మాట కూడా వట్టిదే. అది వేరే జాతి, విషం లేదు, ఎలుకలు తిని వడ్లు కాపాడుతుంది.

ఫణిగిరి కుండ

పాత నల్లగొండలో, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి ఉంది. కొండ దూరం నుంచి పడగలా కనిపిస్తుందంటారు. పైన బౌద్ధ స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు. నిజాం కాలంలో 1940ల్లో ఒకసారి, మళ్లీ 2001 నుంచి కొన్నేళ్లు తవ్వారు. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయాయి. ఆ ప్రదర్శన పేరే చెట్టూ పామూ. జ్ఞానోదయం తర్వాత గాలివానలో ధ్యానంలో ఉన్న బుద్ధుడికి ఏడు రోజులు పడగపట్టిన ముచిలిందుడి జాతికి ఇది సరిపోయిన పేరు.

డ్రాగన్ అంటే నిధి కాపలా. టోల్కీన్ 1937లో వెలువరించిన ‘ది హాబిట్’లో స్మాగ్ అనే డ్రాగన్, కొండంత బంగారంలో ఒక్క కప్పు పోయినా పసిగడుతుంది. మన నాగులు కాసింది బంగారం కాదు. బుద్ధుడి ధాతువులను ఎనిమిది భాగాలు చేస్తే, అశోకుడు ఏడు స్తూపాలు తెరిచి అవి తీసుకోగలిగాడు. రామగ్రామంలోని ఎనిమిదోదాన్ని నాగులు తెరవనివ్వలేదు. అమరావతి శిల్పులు స్తూపం చుట్టూ పాములు చుట్టుకున్నట్టు ఆ కథను చెక్కారు.

లంకెబిందెలకు పాము కాపలా ఉంటుందని మన పల్లెల్లో చెప్పుకునేది ఎవరికి తెలియదు? ఆ నమ్మకంతోనే రాత్రిళ్లు గడ్డపారలతో వచ్చి నాగశిలల్నీ, నందుల్నీ పెకలించే గుప్తనిధుల ముఠాలు ఈ జిల్లాల్లో పాత గుళ్లకు పట్టిన చెదలు. పడగ కొండ మీద నిధి దొరికిన మాట మాత్రం నిజం. 2024 మార్చిలో పురావస్తుశాఖ తవ్వకంలో, భిక్షువుల గదుల వైపు నేలలో ఒక మట్టికుండ బయటపడింది. మూతికి బోర్లించిన చిప్ప ఉంది. లోపల 3,730 నాణేలు, ఒక వైపు ఏనుగు, ఇంకో వైపు ఉజ్జయిని గుర్తు, ఇక్ష్వాకుల కాలానివి. ఒక్కోటీ రెండు గ్రాముల పైచిలుకు. బంగారం కాదు, వెండి కాదు, అన్నీ సీసమే. తూకానికి అమ్మితే ఏమీ రాదు. చరిత్రకు మాత్రం అది కొండంత ధనం, ఎందుకంటే కుండ ఎక్కడ, ఏ పొరలో, ఎట్లా ఉందో చెదరకుండా దొరికింది.

మీ చేనులోనో, పాతింటి పునాదిలోనో ఇట్లాంటి కుండ గడ్డపారకు తగిలితే, పాము కోసం చూడకండి, పంచుకోవడానికి కూర్చోకండి. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి.